కరుణమ్మ టీచరు రాసిన ఏదెను

ఆగస్టు చివర్లో మదనపల్లె బస్టాండు పక్కనుంచి నడిస్తే ముందుగా ముక్కుకు తగిలేది సీతాఫలాల వాసన. కొండ కింది పల్లెల నుంచి ఆడవాళ్ళు గంపల్లో తెచ్చి, పచ్చి ఆకు పరిచి, దాని మీద పేర్చుకుని కూర్చుంటారు. ఆకు వగరూ, బాగా మాగిన పండు తీపీ కలిసిన వాసన అది. మొన్న ఒక గంప ముందు వంగి, ఏవి తీసుకోవాలో తెలియక కాయల్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, అమ్ముతున్న పెద్దామె ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. "ఇది తీస్కోమ్మా. కండ్లు ఇచ్చుకొండాయి సూడు. రేపటికి మాగుతాది" అంది. సీతాఫలం మీది బుడిపెలను మా వైపు కళ్ళంటారు. వాటి నడుమ గీతలు తెల్లబడి విడివడితే కాయ పక్వానికి వచ్చినట్టు. ఆ మాట చెవిన పడగానే నాకు కరుణమ్మ టీచరు గుర్తొచ్చారు. తినవద్దన్న పండు తిని తోట పోగొట్టుకున్న ఆదాము, అవ్వల కథను ఆమె పద్యకావ్యంగా రాశారు. ఆ పండు ఏ పండో బైబిల్లో చెప్పలేదట. కరుణమ్మ టీచరు దాన్ని సీతాఫలం చేశారు. "తిన్నాక వాళ్ళ కండ్లు తెరుచుకున్నాయని రాసుండాది. కండ్లుండే పండు మనకు ఇదొక్కటే గదా రమా" అన్నది ఆమె చెప్పిన కారణం.

ఆమెను నేను మొదట చూసింది పుంగనూరులో. బి.కొత్తకోట దగ్గర ఒక పల్లె మాది. టమోటా, వేరుశనగ పండించే ఇల్లు. తెలుగు పండిత శిక్షణ పూర్తి చేసి, ఇరవై నాలుగేళ్ళ వయసులో పుంగనూరు ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగంలో చేరాను. అది తొంభై ఆరు. అక్కడ అప్పటికే ఇరవై ఏళ్ళ పైబడి తెలుగు చెబుతున్న పెద్ద టీచరు ఆమె. పొట్టిగా, బక్కగా ఉండేవారు. నూలు చీర, కుడిచేతి నడిమి వేలి మీద ఎన్నటికీ పోని సిరా మరక. పొద్దున ప్రార్థన జరుగుతుంటే పిల్లల వెనక నిలబడి ఆమె బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయేవారు. పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఆమె క్రైస్తవురాలని తెలుసు కనుక అది వాళ్ళ పద్ధతిలో ఏదో జపం కాబోలనుకున్నాను. వారం రోజులు చూసి ఇక ఉండబట్టలేక, "ఏం జపం టీచరమ్మా అది?" అని అడిగాను.

"జపం కాదు. సీసపద్యం మూడో పాదంలో ఒక గణం ఎక్కువయింది. యాడ తీసెయ్యాల్నో సూస్తాండా" అన్నారు. అని, మళ్ళీ కణుపుల మీదికి వెళ్ళిపోయారు.

చదువులో ఛందస్సు నేనూ నేర్చుకున్నాను. పరీక్షలో గణాలు విడదీసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఒక మనిషి బస్సు కోసం ఎదురుచూస్తూనో, పప్పు ఉడుకుతుంటే పొయ్యి ముందు కూర్చునో పద్యం కడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఒకరోజు స్టాఫ్ రూములో నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే ఆమె వచ్చి నా భుజం మీదుగా చూశారు. "నీ దస్తూరి ముత్యాల్లాగుండాది. నా అక్షరం రెండు దినాలు పోతే నాకే అర్థం కాదు. శనివారం మధ్యాన్నం ఖాళీగా ఉంటే మా ఇంటికి వస్తావా అమ్మా?" అని అడిగారు. ఆ శనివారం వెళ్ళాను. తర్వాత ఆరేళ్ళ పాటు దాదాపు ప్రతి శనివారం వెళ్ళాను.

వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. ముందు చిన్న అరుగు. ఆమె భర్త జయరాజన్న పుంగనూరు నుంచి కుప్పం వెళ్ళే బస్సులో కండక్టరు. పిల్లలు లేరు. ఆ కావ్యం పేరు ఏదెను. దేవుడు మొదటి మనుషులను ఉంచిన తోట పేరే అది. అయిదు ఆశ్వాసాలు, అంటే అయిదు అధ్యాయాలు రాయాలని ఆమె సంకల్పం. నేను వెళ్ళేనాటికి రెండు పూర్తయ్యాయి. ఆమె సిరా కలంతో కొట్టివేతల మధ్య రాసుకున్న పద్యాలను నేను మంచి పుస్తకంలోకి ఎత్తి రాసేదాన్ని. ఎక్కడైనా నడక కుంటినట్టనిపిస్తే చెప్పమనేవారు. మొదట్లో చెప్పడానికి భయపడ్డాను. ఒకసారి ధైర్యం చేసి, "ఈ పాదంలో యతి కుదరలేదేమో టీచరమ్మా" అన్నాను. ఆమె చదివి, "కుదరల్యా" అని ఒప్పుకుని, అక్కడికక్కడే పాదం మార్చారు. పాతికేళ్ళకు పైగా పెద్దావిడ, నిన్నగాక మొన్న వచ్చిన నా మాటకు పాదం మార్చడం చూసి ఆ సాయంత్రం నా గదికి నడుస్తూ ఊరికే నవ్వుకున్నాను.

మా అమ్మకు ఈ సంగతి తెలిసినప్పుడు కాస్త ముఖం ముడుచుకుంది. "వాళ్ళ దేవుని కథ నువ్వు రాసేదేంది?" అంది. ఆ మాట దాచకుండా టీచరుకు చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. "మీ అమ్మకు చెప్పు, నేను బళ్ళో ఇన్నేండ్లుగా మీ దేవుండ్ల పద్యాలే చెప్తాండానని" అన్నారు. అది విని మా అమ్మ నవ్వేసింది. ఆ పైన నేను పుంగనూరు తిరిగి వెళ్ళేటప్పుడల్లా ఆమెకని ఏదో ఒకటి సంచిలో పెట్టి పంపేది.

ఆ కథనే ఎందుకు ఎంచుకున్నారని ఒకసారి అడిగాను. ఆమె తండ్రి ఉపదేశి. పల్లెపల్లెకు నడిచి వెళ్ళి, హార్మోనియం వాయిస్తూ బైబిలు కథలు చెప్పేవాడు. పద్యాల మీద ఆమెకు మోజు పుట్టింది ఆయన పాట విని. "మా నాయన ఈ కథ చెప్పినప్పుడంతా, ఆడదాని వల్లే ఇంతా జరిగిందని ముగించేవాడు. వెనక వరసలో మా అమ్మ తల దించుకుని కూర్చోనుండేది. ఆయమ్మ ఏం తప్పు చేసిందని నాకు కష్టంగా ఉండేది. ఒకదినం అడిగేస్తిని. ఆయన 'నాకు వచ్చినట్టు నేను చెప్తాండా. నువ్వు పెద్దయినాక నీకు వచ్చినట్టు చెప్పు' అనె. కోపంతో అనలేదు, నిజంగానే అన్యాడు" అన్నారు టీచరు. అరుగు మీద బూట్లు విప్పుకుంటున్న జయరాజన్న, "అందుకనే నాకు ఇరవై ఏండ్లుగా కూరలో ఉప్పుండదు" అన్నాడు. ఆమె చేతిలో పుస్తకంతో ఆయన్ను తట్టినట్టు చేసి మళ్ళీ పద్యంలోకి వచ్చారు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దాన్ని చెప్పకుండా ఆమెను గురించి రాస్తే సగమే రాసినట్టు.

నేను చేరిన రెండో ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళుతూ మూడో ఆశ్వాసం ఉన్న నోటుపుస్తకం తీసుకెళ్ళాను. సెలవుల్లో ఎత్తి రాసి తెస్తానని నేనే అడిగి తీసుకున్నాను. నలభై పైచిలుకు పద్యాలు, ఒక్కటే ప్రతి. ఇంటి మిద్దె మీద వేరుశనగ ఎండబోసి ఉంది. ఒక మధ్యాహ్నం పిట్టగోడ పక్క నీడలో కూర్చుని ఆరు పద్యాలు ఎత్తి రాశాను. దాహమేసి కిందికి దిగాను. అంతకు ముందే వచ్చిన వారపత్రిక కనబడితే నిలబడే అందులో సీరియల్ చదవడం మొదలుపెట్టాను. ఇంతలో మబ్బు కమ్మింది. మా పెద్దన్న భార్య ఈశ్వరి వదిన మిద్దె మీంచి, "రమా, వాన వచ్చేట్టుండాది, బస్తాలు పట్టు" అని పిలిచింది. ఇద్దరం పరుగున కాయలు ఎత్తాం. చివరి బస్తా దించుతూ వదిన, "నీ పుస్తకాలు తీసినావా?" అని అడిగింది. నా మనసింకా ఆ సీరియల్లో ఉంది. చూడకుండానే "తీసినా" అన్నాను.

తెల్లవారి పైకి వెళితే పిట్టగోడ మూల పుస్తకం, నేను ఎత్తి రాసిన ఆరు పద్యాల కాగితాలతో సహా, నీళ్ళలో నాని ఉంది. సిరా అంతా కరిగిపోయింది. పేజీ తిప్పితే పేజీ, ఎక్కడ చూసినా లేత నీలం మరక తప్ప ఒక్క అక్షరం లేదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. వదిన పుస్తకం అందుకుని, ఒక్కొక్క పుటా విడదీసి ఎండలో ఆరబెట్టి, తర్వాత ఇస్త్రీ పెట్టె తెచ్చి మెల్లగా వత్తింది. కాగితాలు సాపయ్యాయి గానీ పద్యాలు తిరిగి రాలేదు.

సెలవులు అయిపోయి బడికి వెళ్ళిన రోజున టీచరు ముందుగా నవ్వుతూ, "ఎంతవరకు ఎత్తినావమ్మా?" అని అడిగారు. బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో సిద్ధం చేసుకునే వచ్చాను, నిజమే చెప్పాలని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "మిద్దె మీది నుంచి పుస్తకం తెమ్మని మా వదినకు చెప్పినా టీచరమ్మా. ఆమె మరిచిపోయింది. వానకు తడిసిపోయింది" అన్నాను. అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.  ఆమె కిటికీ వైపు తిరిగారు. తర్వాత, "పోనీలే. పల్లెలో పనుల్లో ఉండే మనిషి. ఆమెకు ఏం తెలుస్తాది" అన్నారు. గంట కొట్టారు. ఇద్దరం చెరో క్లాసుకు వెళ్ళాం.

ఆ శనివారం నుంచి పోయిన పద్యాలను ఆమె జ్ఞాపకం నుంచి చెప్పడం, నేను రాయడం మొదలైంది. చాలా వరకు ఆమెకు నోటికి వచ్చు. కొన్నిచోట్ల పాదం తెగిపోయేది. అప్పుడు లోపలి గదిలోంచి జయరాజన్న అందించేవాడు. భార్య గొణుక్కుంటుంటే విని విని ఆయనకూ కొన్ని పట్టుబడిపోయాయి. అర్థం తెలియకుండానే చెప్పేవాడు. అక్షరం మాత్రం తప్పేది కాదు. అలా నాలుగు నెలలు సాగింది. మూడో ఆశ్వాసం ఆ కథకంతటికీ గుండెకాయ. పండు తిన్న ఇద్దరూ చెట్ల చాటున దాక్కుంటారు. సాయంకాలం దేవుడు తోటలోకి వచ్చి పిలుస్తాడు. ఎందుకు తిన్నావని అడిగితే ఆదాము అవ్వను చూపిస్తాడు, అవ్వ పామును చూపిస్తుంది. ఆ ఘట్టం చెబుతూ టీచరు ఆగి నన్ను చూశారు. నా కలం కాగితం మీద నిలిచిపోయి ఉంది.

"రాయవేమి?"

"సిరా అయిపోయింది టీచరమ్మా" అన్నాను. కలంలో సిరా ఉంది. ఆమె లేచి సిరాబుడ్డి తెచ్చి ఇచ్చారు.

ఫిబ్రవరిలో పుంగనూరులో బంధువుల ఇంట్లో నామకరణానికి వదిన వచ్చింది. అది ముగిశాక, నాకు తెలియకుండానే దారి అడుక్కుని సరాసరి టీచరు ఇంటికి వచ్చేసింది. అది శనివారం. నేను లోపల రాస్తున్నాను. వాకిట్లో వేరుశనగ సంచీ దించి, "నేను రమ వాళ్ళ వదినను టీచరమ్మా. రవ్వన్ని చెనిక్కాయలు తెచ్చినా" అనే గొంతు వినబడగానే కలానికి మూత పెట్టేశాను. టీచరు ఆమెను లోపలికి పిలిచి, చాప వేసి, కాఫీ కలిపి ఇచ్చారు. వదిన కాఫీ తాగుతూ నా ముందున్న నోటుపుస్తకం చూసి, తన ధోరణిలో మొదలుపెట్టింది.

"మీ పుస్తకం తడిసిందని మా రమ రెండు దినాలు అన్నం తిన్లేదు టీచరమ్మా. నేను ఆ పొద్దు అడిగితిని గూడా, పుస్తకాలు తీసినావా అని. తీసినా అనె. పాపం యాడ ఆలోచనలో ఉండాదో. నేను ఒక్కొక్క కాయితం ఇస్త్రీ పెట్టి సూసినా. అచ్చరాలు రాలేదు. మీరంత కష్టపడి రాసింది అట్ల పాయె గదా అని నాకు మనసుకు ఒకటే బాధ."

టీచరు నా వైపు ఒక్కసారి చూశారు. కోపంగా కాదు, ఊరికే చూశారు. తర్వాత వదిన వైపు తిరిగి, "ఇంకొంచెం కాఫీ పోస్తా ఉండమ్మా" అన్నారు. వదిన ఉన్న అరగంటా పంట సంగతులు అడిగారు. వెళ్ళేటప్పుడు బస్టాండు దాకా తానే నడిచి వెళ్ళి బస్సెక్కించి వచ్చారు.

ఆమె తిరిగి వచ్చేసరికి నేను అక్కడే కూర్చుని ఉన్నాను. "మా వదిన కాదు టీచరమ్మా. నేనే" అన్నాను. 

ఆమె నా ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు అన్నారు: "పద్యాలు పోయినాయని నాకిప్పుడు బాధ లేదు. మళ్ళీ రాస్తాండాము గదా. కానీ నాలుగు నెలలుగా నేను ఆయమ్మను మనసులో తిట్టుకుంటాండా రమా. ముఖం కూడా చూడని మనిషిని. ఆయమ్మ ఈ పొద్దు చెనిక్కాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఆయమ్మకు యాడ ముఖం చూపించాల?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా ఉండి, "మీ వదినకు చెప్తావా?" అని అడిగారు. చెబుతానన్నాను. "చెప్పి, వచ్చే శనివారం రా. ఈ ఆశ్వాసం ఇంకా అయిపోలేదు" అన్నారు.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున బస్సుకే ఊరికి వెళ్ళాను. వదిన పందిట్లో కూర్చుని టమోటాలు ఏరుతోంది, గట్టివి ఒక గంపలోకి, మెత్తబడినవి ఒక గంపలోకి. పక్కన కూర్చుని, నేనూ ఏరుతూ, తలెత్తకుండా అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. "నామింద పెట్టినావా?" అంది. కొంచెంసేపటికి మళ్ళీ, "అంటే, నిన్న కాఫీ ఇచ్చినప్పుడు ఆయమ్మ నన్ను అట్లాంటి మనిషనే అనుకొని ఇచ్చిందా?" అని అడిగింది.

"అనుకొనే ఇచ్చింది వదినా. నువ్వు మాట్లాడినాక తెలుసుకుంది."

"అట్లనుకొని గూడా కాఫీ ఇచ్చింది" అని వదిన తనలో తాను అనుకుంది. ఇంకో నాలుగు టమోటాలు ఏరింది. "సరే. ఈ గంప పట్టు, లోపల పెడదాం" అంది. వారం పది రోజులు నాతో ముక్తసరిగానే ఉంది. నేను పుంగనూరు నుంచి రెండుసార్లు వచ్చి పోయాక మునుపటి వదిన అయింది. అడిగి తెచ్చుకున్న క్షమ కాదు గనుక అది గట్టిగా నిలిచింది.

ఆ తర్వాతి శనివారం టీచరు నా కోసం ఒక కాగితం సిద్ధంగా ఉంచారు. తడిసిపోయిన పుస్తకంలో మూడో ఆశ్వాసం తోట తలుపులు మూసుకోవడంతో ముగిసేది. ఇప్పుడు ఆ తలుపుల అవతల ఇంకొక పద్యం చేరింది. దారిలో నడుస్తూ ఆదాము అవ్వతో చెప్పే మాట:

నేనె తింటిని పండును, నీవు కాదు
నిన్ను చూపితి వేలితో నింద మోపి
తోట పోయిన పోవనీ, తోడు నీవు
చాలు, మన్నించి నడువుము జంటగాను.

పైకి చదివాను. జయరాజన్న గుమ్మంలో నిలబడి విని, "ఇద్దరూ తిన్నారు గదే. నీవు కాదు అంటే ఎట్ల? టికెట్టు ఇద్దరికీ కొట్టాల గదా" అన్నాడు. టీచరు నవ్వి, "ఆయన తన టికెట్టు తీసుకుంటాండాడు. ఆమెది ఆమె తీసుకుంటాది" అన్నారు.

జయరాజన్న సొంతూరు కుప్పం. ఇద్దరూ ఉద్యోగాలు విరమించాక అక్కడికే వెళ్ళిపోయారు. అప్పటికి ఏదెను పూర్తయి, మదనపల్లెలో అచ్చుకు వెళ్ళింది. అచ్చు కాగితాలు దిద్దింది నేనే. పుస్తకం వచ్చాక కుప్పంలో వాళ్ళు వెళ్ళే చర్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం చదివించాలని అనుకున్నారు. సంఘ పెద్ద ఒప్పుకున్నాడు. ఆయన పెద్ద వయసు మనిషి, ఒకప్పుడు హెడ్మాస్టరుగా చేసినవాడు, మర్యాదస్థుడు. ముందుగా పుస్తకం చదువుతానని తీసుకుని, మూడు రోజుల తర్వాత స్వయంగా ఇంటికి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అంతా బాగా రాసినావమ్మా. ఆ ఒక్క పద్యం మాత్రం లేఖనంలో లేదు. ఆదాము అట్ల ఒప్పుకున్నట్టు యాడా లేదు. అది తీసేసి చదవండి" అన్నాడు.

 చర్చిలో ఆ కావ్యం చదవాలని, తన తండ్రి కథ చెప్పినట్టు అందరి ముందూ వినిపించాలని ఆమెకు ఎన్నేళ్ళ కోరికో నాకు తెలుసు.  టీచరు పుస్తకం అట్ట మీద వేలితో ఒక గీత గీశారు.

"నిజమే అయ్యా, లేఖనంలో లేదు. బైటికి వచ్చినాక దారిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో లేఖనం చెప్పల్యా. నేను ఆ దారిలో రాసినా. అది తీసేస్తే ఈ పుస్తకం నాది కాదు. చర్చిలో వద్దులెండి. మా ఇంటి ముందర చదువుకుంటాము. మీరు వస్తే సంతోషం" అన్నారు.

అలా ఏదెను వాళ్ళ వాకిట్లోనే చదివాం. జయరాజన్న షామియానా వేయించాడు. తమిళం, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగువాళ్ళు, పుంగనూరు నుంచి పాత విద్యార్థినులు, చర్చికి వచ్చేవాళ్ళలో సగం మంది చేరారు. బి.కొత్తకోట నుంచి రెండు బస్సులు మారి ఈశ్వరి వదిన వచ్చి మొదటి వరసలో కూర్చుంది. టీచరుకు అప్పటికి గొంతు పోయింది. నాలుగు పాదాలు వరుసగా చదివితే దగ్గు వచ్చేది. అందుకని నేను రాగం తీసి చదివాను, ఆమె పక్కన కూర్చుని అర్థం చెప్పారు. చదవడం మొదలైన అరగంటకు సంఘ పెద్ద వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పద్యం దగ్గరికి వచ్చాను. చదివేశాను.  వెనకనుంచి సంఘ పెద్ద, "ఇంకొకసారి చదువమ్మా" అన్నాడు. మళ్ళీ చదివాను. అంతా అయ్యాక ఆయన టీచరు దగ్గరికి వచ్చి, "లేఖనంలో లేదు" అన్నాడు. కాస్త ఆగి, "ఉంటే బాగుండు" అన్నాడు. ఆమె చేతులు జోడించారు. ఆ పూట ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను ఇంకెన్నడూ చూడలేదు. వదిన నా పక్కకు వచ్చి కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఆ ఆదాము ఎవరో గానీ, నీకన్న బిరీన తప్పు ఒప్పుకున్నాడు" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు కుప్పం వెళ్ళి వచ్చేదాన్ని. చివరిసారి చూసింది రెండు వేల ఎనిమిదిలో. ఆమె మంచం పట్టలేదు గానీ బాగా చిక్కిపోయారు. అప్పటికి నేను అంగళ్లు దగ్గర ఒక హైస్కూలుకు ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్ళి కొద్ది నెలలైంది. బడిలో ఏదో గొడవ చెప్పుకుంటూ, "తప్పు నాదే టీచరమ్మా, కానీ—" అన్నాను. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"నాదే అన్నాక ఆపెయ్యాల. కానీ అని మొదలుపెట్టినావంటే మళ్ళా చెట్టు సాటుకు పోతాండావని అర్థం" అన్నారు. అని, పళ్ళెంలో మిగిలిన ఇడ్లీ తినమని నా వైపు జరిపారు. మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆమె పోయారు. నిద్రలోనే పోయారని జయరాజన్న ఫోను చేసి చెప్పాడు. ఆయన గొంతులో దుఃఖం కంటే ఆమెకు బాధ లేకుండా జరిగిందన్న నిమ్మళం ఎక్కువగా వినబడింది.

ఆ ఏడాదే మా బడిలో ఒక అమ్మాయి పేరు గురుకుల ప్రవేశ పరీక్ష జాబితాలో పడలేదు. జాబితా తయారుచేసింది గుమాస్తా. చదవకుండా సంతకం పెట్టింది నేను. అమ్మాయి తండ్రి కలకడ వైపు రైతు, పొలం నుంచి అట్నుంచటే వచ్చి నా గదిలో నిలబడ్డాడు. పంచె అంచుకు ఎర్రమట్టి. "నా బిడ్డ పేరు యాల లేదు మేడమ్?" అని అడిగాడు.

"నా తప్పే. చదవకుండా సంతకం పెట్టినా" అన్నాను. గుమాస్తా పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పరీక్షల పని, సెలవులు, పైనుంచి వచ్చిన తొందర, అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. నోరు మూసుకున్నాను. ఆయన ఇంకా ఏదో వస్తుందని కాచుకుని చూశాడు. ఎదురు వాదించడానికి సిద్ధమై వచ్చిన మనిషి. నేనేమీ చేర్చకపోయేసరికి ఆయన భుజాలు కాస్త దిగాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే మేడమ్. ఇప్పుడేం జేద్దామో సెప్పండి" అన్నాడు.

ఇద్దరం కలిసి అర్జీ రాశాం. ఆయన చెబుతుంటే అమ్మాయి వివరాలు నేను రాశాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళి అడిగాం. గడువుకు ఇంకా ఒక రోజు ఉంది. పేరు చేర్చారు. ఆ రెండు మాటలు చెప్పి ఆగిపోవడం ఇప్పటికీ నాకు అలవాటు కాలేదు. ప్రతిసారీ గొంతులో అడ్డం పడతాయి. ఒకసారి బయటికి వచ్చాయంటే మాత్రం, ఎదుట కూర్చున్న మనిషి వేరే జట్టు మనిషిగా ఉండడు. నాతో కలిసి పని చేయడానికి కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.